బాల్టిక్ చిత్రోత్సవంలో సినిమాలు చూడటం ఎలా: పట్టిక నుంచి చర్చ దాకా

లాత్వియాలోని రీగాలోనో లిథువేనియాలోని కౌనస్‌లోనో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులున్నారు. యూరప్‌లో ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో కొత్త ఊరు చూడాలనుకునేవారున్నారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో సినిమా కోసమే బయలుదేరాలని కలలుగనేవారూ ఉన్నారు. వీరందరికీ పనికి రావాలని ఇది రాస్తున్నాను. బాల్టిక్ దేశాలైన ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియాలలో జరిగే చలనచిత్రోత్సవానికి వెళ్తే ఏం చూడాలి, ఎలా చూడాలి, దానికి ముందు ఏ పనులు చక్కబెట్టుకోవాలి అన్నది ఇందులో విషయం.

అన్నిటికంటే ముందు ఒక నిర్ణయం తీసుకోండి. చిత్రోత్సవం పట్టిక చేతికి రాగానే కళ్లు పెద్ద పేర్ల మీదికి పోతాయి. కాన్‌లోనో వెనిస్‌లోనో బహుమతి పొందిన చిత్రం కనబడితే చాలు, టికెట్టు కొనేస్తాం. ఆ పని చేయకండి. అటువంటి చిత్రాలు ఇవాళ కాకపోతే రేపు మీ ఇంట్లో తెర మీదికే వస్తాయి. స్థానిక చిత్రాల సంగతి వేరు. ఎస్టోనియా జనాభా 14 లక్షల లోపు, లాత్వియాది 19 లక్షల లోపు, లిథువేనియాది 29 లక్షల దరిదాపు. మూడు దేశాలూ కలిపినా 2011 జనగణన నాటి హైదరాబాద్ నగరమంత లేవు. అంత కొద్దిమంది మాట్లాడే భాషల్లో, ప్రభుత్వ చలనచిత్ర సంస్థల సాయంతో తీసిన సినిమా ఇంగ్లిష్ ఉపశీర్షికలతో పెద్ద తెర మీద మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. మీ టికెట్లలో కనీసం మూడింట రెండు వంతులు ఆ దేశాల చిత్రాలకే పోవాలి. కింద చెప్పేదంతా ఈ నిర్ణయం మీదే నిలబడి ఉంది.

ఏ నెల, ఏ ఊరు

ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో నవంబరు, లాత్వియా రాజధాని రీగాలో అక్టోబరు, లిథువేనియా రాజధాని విల్నియస్‌లో మార్చి. ఈ మూడూ గుర్తుంచుకుంటే చాలు.

టాలిన్ ఉత్సవం పేరు ‘చీకటి రాత్రుల చిత్రోత్సవం’. ఎస్టోనియన్ పేరులోని తొలి అక్షరాలను కలిపి అక్కడివారు దాన్ని ‘ప్యోఫ్’ అంటారు. తోడేలు దాని గుర్తు. 1997లో మొదలైంది. ప్రపంచంలో అగ్రశ్రేణి పోటీ చిత్రోత్సవాలుగా నిర్మాతల అంతర్జాతీయ సమాఖ్య గుర్తించిన కొద్దింటిలో 2014 నుంచి ఇదీ ఒకటి. మనకు కావలసిన బాల్టిక్ చిత్రాల పోటీ అందులో ప్రత్యేక విభాగంగా ఉంటుంది. మూడు దేశాల కొత్త సినిమాలను ఒకేచోట వరసగా చూడటానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు. మొదటిసారి వెళ్లేవారు టాలిన్‌నే ఎంచుకోండి.

విల్నియస్ ఉత్సవం ‘కినో పవాసరిస్’. పవాసరిస్ అంటే వసంతం. ఆ మాట ‘వసర’ అనే లిథువేనియన్ పదం నుంచి వచ్చింది. వసర అంటే వేసవి. అది మన ‘వసంతం’ పుట్టిన మూలం నుంచే పుట్టింది. రీగా ఉత్సవం ఈ రెండింటికంటే చిన్నది, 2014లో మొదలైంది. కానీ ఆ ఊరికి స్ప్లెండిడ్ ప్యాలెస్ అనే సినిమా హాలుంది, దాని గురించి తర్వాత చెబుతాను. ఈ మూడు దేశాలకూ వెళ్లే వీలులేక జర్మనీలో ఉంటున్నవారికి ల్యూబెక్ నగరం దగ్గర. అక్కడ 1956 నుంచి జరుగుతున్న నార్డిక్ చిత్రోత్సవంలో నవంబరు మొదట్లో బాల్టిక్ చిత్రాలూ వేస్తారు.

కాగితాలు, ప్రయాణం

మూడు దేశాలూ షెంగెన్ ప్రాంతంలో ఉన్నాయి, మూడింటిలోనూ యూరోనే చెల్లుతుంది. ఒకే వీసాతో మూడూ తిరగవచ్చు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, ఆఖరు గడువు పదిహేను రోజుల ముందు. ఆ ఆఖరు రోజుల దాకా ఆగకండి. కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. లాత్వియాలోనో లిథువేనియాలోనో నివాస అనుమతి మీద చదువుకుంటున్నవారికి ఈ బాధ లేదు. ఆ కార్డుతోనే పక్క దేశాలకు వెళ్లి, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు ఉండవచ్చు.

టాలిన్ నుంచి రీగాకు బస్సులో నాలుగున్నర గంటలు, రీగా నుంచి విల్నియస్‌కు నాలుగు గంటలు పడుతుంది. బస్సులు సౌకర్యంగా ఉంటాయి. పగటి బస్సే ఎక్కండి. 1989 ఆగస్టు 23న టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, ఆరువందల కిలోమీటర్లకు పైగా, దాదాపు 20 లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. సోవియట్ పాలన నుంచి విముక్తి కోరుతూ కట్టిన మానవహారం అది. కిటికీలోంచి కనబడే దూరాన్ని చూస్తూ వెళ్తే ఆ సంఖ్య ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాత మీరు చూడబోయే సగం సినిమాలకు ఆ దూరమే భూమిక.

చలికీ చీకటికీ సిద్ధపడండి

నవంబరు చివర టాలిన్‌లో మధ్యాహ్నం మూడున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఉత్సవానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. మధ్యాహ్నం ఆటకు వెలుతురులో లోపలికి వెళ్లినవారు బయటికి వచ్చేసరికి రాత్రి. మొదటి రెండు రోజులు ఇది మనసును కుంగదీస్తుంది. ఉదయం పూట ఒక గంటయినా బయట నడిచి, ఆ తర్వాతే హాల్లోకి వెళ్లండి.

నీళ్లు దూరని బూట్లు, చెవులు కప్పే టోపీ కావాలి. ఒకే మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకునే బట్టలు మంచివి, ఎందుకంటే హాలు లోపల వెచ్చగా ఉంటుంది. మరో చిన్న వస్తువు తప్పక కొనండి. చీకట్లో నడిచేవారు వాహనాల వెలుతురుకు మెరిసే బిళ్లను బట్టలకు తగిలించుకోవాలని ఎస్టోనియాలో చట్టమే ఉంది. దాన్ని ‘హెల్కుర్’ అంటారు. చవకగా దుకాణాల్లో దొరుకుతుంది. కోటుకు కుడివైపు, మోకాలి ఎత్తులో వేలాడేలా కట్టుకోండి.

పట్టికను చదవడం

పట్టిక ఉత్సవానికి కొన్ని వారాల ముందు వెలువడుతుంది. అది రాగానే టికెట్లు కొనడానికి తొందరపడకుండా ఒక సాయంత్రం కూర్చుని ఇలా చేయండి.

ముందుగా ప్రతి చిత్రం పక్కనా ఏ భాషలో ఉపశీర్షికలు ఉన్నాయో చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. పరాయి దేశాల చిత్రాలకు ఇంగ్లిష్ ఉంటుంది కదా అని, స్థానిక చిత్రానికీ ఉంటుందనుకుంటారు. సొంత దేశంలో సొంత భాష సినిమాకు ఇంగ్లిష్ అవసరం లేదని ఒక్కో ప్రదర్శనలో వేయకపోవచ్చు. ఎస్టోనియన్‌లో ‘ఇంగ్లిసె’, లాత్వియన్‌లోనూ లిథువేనియన్‌లోనూ ‘అంగ్లు’ అని ధ్వనించే మాట ఉపశీర్షికల వరుసలో ఉందేమో వెతకండి. అనుమానం ఉంటే ఉత్సవ కార్యాలయానికి రాసి తెలుసుకోండి.

తర్వాత, దర్శకుడు వస్తున్న ప్రదర్శన ఏదో గుర్తించండి. ఒకే చిత్రం రెండు మూడు సార్లు వేస్తే వాటిలో ఒకదానికే చిత్రబృందం వస్తుంది. చర్చ ఉన్న ఆటనే కొనండి, అది అసౌకర్యమైన వేళ అయినా సరే. ఆరంభ చిత్రం, శుక్ర శనివారాల రాత్రి ఆటలు త్వరగా నిండిపోతాయి. పాత చిత్రాలకు, లఘుచిత్రాలకు, వారం మధ్యలో పగటి ఆటలకు సాధారణంగా చోటు దొరుకుతుంది. మన ఎంపిక ప్రకారం ఇవి మనకు కావలసినవే. విద్యార్థి కార్డు ఉంటే తగ్గింపు ఉందేమో అడగండి.

రోజుకు మూడు సినిమాలు చాలు. నాలుగోది చూస్తే రెండోది మరచిపోతారు. రెండు ఆటల మధ్య గంటన్నర వ్యవధి ఉంచండి. హాళ్లు ఊళ్లో వేర్వేరు చోట్ల ఉంటాయి, నేల జారుతుంది, చర్చ ఆలస్యంగా ముగుస్తుంది. టాలిన్‌లో బస్సు, ట్రామ్ ఉచితమన్న మాట విని ఉంటారు. అది అక్కడ నివాసం నమోదైనవారికే, మనం టికెట్టు తీసుకోవాలి.

ఏవి చూడాలి

బయలుదేరే ముందు ఇంట్లో ఒక లఘుచిత్రం చూడండి. 1978లో రీగాలో హెర్జ్ ఫ్రాంక్ తీసిన ‘పది నిమిషాలు పెద్దయి’. నిడివి పది నిమిషాలే. చీకటి హాల్లో ఒక పసివాడు బొమ్మలాట చూస్తున్నాడు. కెమెరా ఆ పిల్లవాడి ముఖాన్ని ఒక్క కోత కూడా లేకుండా చూస్తూ ఉంటుంది. బొమ్మలాట మనకు కనబడదు. మంచీ చెడూ ఆ ముఖం మీదే యుద్ధం చేసుకుంటాయి. భయం, ఆశ, ఏడుపు, ఊరట, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. మాటలు లేవు గనుక ఉపశీర్షికల అవసరం లేదు. ఇది చూశాక బాల్టిక్ సినిమా నెమ్మదిగా నడుస్తుందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే వారితో మీరు వాదించగలరు. ముఖాన్ని అంతసేపు చూసే ఓపికే దాని బలం. లాత్వియా కవితాత్మక డాక్యుమెంటరీ సంప్రదాయానికి ఈ పది నిమిషాలు గుమ్మం వంటివి.

ఆ చిత్రానికి కెమెరా పట్టిన యువకుడు యూరిస్ పొద్నియెక్స్. తర్వాత ఆయనే దర్శకుడై 1986లో ‘యువకుడిగా ఉండటం తేలికా?’ అనే డాక్యుమెంటరీ తీశాడు. ఒక రాక్ కచేరీ నుంచి తిరిగి వస్తూ రైలు పెట్టెలను ధ్వంసం చేసిన కుర్రాళ్లతో అది మొదలవుతుంది. వారి మీద జరిగిన విచారణను, వారి తరం మనసును అది సోవియట్ ప్రేక్షకుల ముందు పెట్టింది. 1991 జనవరి 20న రీగాలో సోవియట్ బలగాలు కాల్పులు జరిపినప్పుడు పొద్నియెక్స్ బృందంలోని ఛాయాగ్రాహకుడు ఆంద్రిస్ స్లాపిన్ష్ చిత్రీకరిస్తూనే ప్రాణం వదిలాడు. అతని సహచరుడు గ్విదో జ్వైగ్జ్నె గాయాలతో కొద్ది రోజులకు మరణించాడు. నగరం నడిబొడ్డున బాస్తెయ్‌కాల్న్స్ పార్కులో, ఆ రాత్రి చనిపోయినవారి జ్ఞాపకంగా రాళ్లు ఉన్నాయి. రీగా ఉత్సవానికి వెళ్తే రెండు ఆటల మధ్య ఖాళీలో అక్కడికి నడిచి వెళ్లండి. స్ప్లెండిడ్ ప్యాలెస్ నుంచి ఎంతో దూరం లేదు. ఈ దేశాల్లో కెమెరాకు ఉన్న గౌరవం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రాళ్ల దగ్గర అర్థమవుతుంది.

చరిత్ర చిత్రాలకు వెళ్లేముందు ఒక తేదీ గుర్తుంచుకోండి: 1941 జూన్ 14. ఆ రాత్రి సోవియట్ పాలకులు మూడు దేశాల్లోనూ వేలాది కుటుంబాలను ఇళ్ల నుంచి లాగి సైబీరియాకు తరలించారు. ఒక్క ఎస్టోనియా నుంచే సుమారు పదివేల మంది. మగవారిని ఒక రైలులో, ఆడవారినీ పిల్లలనూ మరొక రైలులో ఎక్కించారు. సంభాషణల్లో ‘జూన్’ అనో ‘ఆ రైలు’ అనో వినబడితే అక్కడి ప్రేక్షకులకు వివరణ అక్కరలేదు, తెర మీద కూడా వివరించరు. మార్తి హెల్దె 2014లో తీసిన ‘అడ్డగాలిలో’ ఈ సంఘటన గురించిన చిత్రమే. నలుపు తెలుపుల్లో, మనుషులు కదలకుండా శిల్పాల్లా నిలబడి ఉంటే కెమెరా వారి మధ్య నడుస్తుంది. వెనక నుంచి ఒక తల్లి ఉత్తరాలు వినిపిస్తాయి. మొదటి పది నిమిషాలు ఇబ్బందిగా ఉంటుంది. లేచి వెళ్లకండి. కాలం ఆగిపోయిన మనిషికి లోకం ఎలా కనబడుతుందో చెప్పడానికి ఎంచుకున్న పద్ధతి అది.

దుఃఖమే కాదు, జానపదమూ ఉంది. రైనెర్ సర్నెత్ 2017లో తీసిన ‘నవంబర్’ చూసే అవకాశం దొరికితే వదలకండి. దానికి ముందు ‘క్రాత్’ అంటే ఏమిటో తెలుసుకుని వెళ్లండి. పాత పనిముట్లు, ఎముకలు కట్టి చేసిన బొమ్మకు సైతానుతో ఒప్పందం చేసుకుని ప్రాణం పోస్తే అది యజమాని కోసం దొంగతనాలు చేస్తుందని ఎస్టోనియా పల్లెల నమ్మకం. మన కాష్మోరా కథలు వింటూ పెరిగినవారికి అది వెంటనే దగ్గరవుతుంది.

అన్నా హింత్స్ డాక్యుమెంటరీ ‘పొగ ఆవిరి గది అక్కచెల్లెళ్లు’ 2023లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దర్శకత్వ బహుమతి గెలిచింది. ఆగ్నేయ ఎస్టోనియాలోని పొగ ఆవిరి గదుల ఆచారాన్ని 2014లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గదిలో కూర్చుని ఆడవాళ్లు ఒకరితో ఒకరు తప్ప ఇంకెవరితోనూ చెప్పుకోలేని మాటలు చెప్పుకుంటారు. ఇది పెద్దలు చూడవలసిన చిత్రం. పిల్లలను వెంట తెచ్చుకుంటే వారికి గింత్స్ జిల్బలోదిస్ ‘ప్రవాహం’ చూపించండి. వరదలో కొట్టుకుపోయే పిల్లి కథ, ఒక్క మాట కూడా లేదు. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఈ చిత్రమే 2025లో లాత్వియాకు తొలి ఆస్కార్ తెచ్చింది. యానిమేషన్ నేర్చుకుంటున్న మన పిల్లలకు ఇది చెప్పదగిన సంగతి.

పాత చిత్రాన్ని పునరుద్ధరించి వేస్తుంటే, అందులోనూ పాత హాల్లో వేస్తుంటే, ఆ ఆటకోసం కొత్త సినిమా ఏదైనా వదులుకోండి. రీగాలో స్ప్లెండిడ్ ప్యాలెస్ 1923లో కట్టినది. పైకప్పు నిండా అలంకారాలు, రంగస్థలం వంటి ముందు భాగం. సోవియట్ కాలంలో దాని పేరు తీసేసి ‘రీగా’ అని పెట్టారు, తర్వాత పాత పేరు తిరిగి వచ్చింది. టాలిన్ పాత నగరంలో సొప్రుస్ సినిమా హాలు 1955 నాటిది, ముందువైపు స్తంభాలతో స్టాలిన్ కాలపు నిర్మాణం. సొప్రుస్ అంటే స్నేహం. విల్నియస్‌లో నెరిస్ నది ఒడ్డున ఉన్న చిన్న హాలు స్కల్వియా. 1969లో ఆర్వో క్రూసెమెంత్ తీసిన ‘వసంతం’ అనే బడి పిల్లల కథ ఎస్టోనియన్లకు కంఠతా వచ్చిన చిత్రం. అటువంటిదాన్ని వారి మధ్య కూర్చుని చూడటం, అదే చిత్రాన్ని ఇంట్లో ఒంటరిగా చూడటం ఒకటి కావు.

హాల్లో

పది నిమిషాల ముందే చేరండి. ఆట చెప్పిన సమయానికే మొదలవుతుంది, ఆలస్యమైతే లోపలికి రానివ్వకపోవచ్చు. పాత హాళ్లలో కోటు అప్పగించే చోటు ఉంటే అప్పగించండి. టికెట్టు మీద వరుస, సీటు ఎక్కడుందో తెలియకపోతే ఇవి గుర్తుంచుకోండి: ఎస్టోనియన్‌లో ‘రిద’ వరుస, ‘కొహ్త్’ సీటు. లాత్వియన్‌లో ‘రింద’, ‘వియెత’. లిథువేనియన్‌లో ‘ఎయ్‌లే’, ‘వియెత’.

విరామం ఉండదు. రెండున్నర గంటల చిత్రమైనా ఒకే ఊపున సాగుతుంది, కాబట్టి నీళ్లు తాగే విషయం ముందే ఆలోచించుకోండి.

ప్రేక్షకుల నిశ్శబ్దం చూసి కంగారుపడకండి. మన హాళ్లలో నచ్చితే ఈల వేస్తాం, నచ్చకపోతే మాట్లాడుకుంటాం. అక్కడ నచ్చినా నచ్చకపోయినా చప్పుడు ఉండదు. చివరి పేర్లు పూర్తయ్యేదాకా కదలరు. మీరూ కదలకండి, చర్చ ఆ తర్వాతే.

లిథువేనియన్ చిత్రానికి వెళ్తే ఉపశీర్షికలు చదువుతూనే చెవి కూడా అటు వేయండి. ‘సూనుస్’ అంటే కొడుకు, మన సూనుడు. ‘దూమయ్’ పొగ, మన ధూమం. ‘దంతిస్’ దంతం. ‘ఉగ్నిస్’ అగ్ని. ‘దియెవాస్’ దేవుడు. తెలుగు మూలాలు వేరైనా సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ఈ మాటలకు బాల్టిక్ సముద్ర తీరాన చుట్టాలున్నారు. లాత్వియన్ ఆ లిథువేనియన్‌కు చెల్లెలు. ఎస్టోనియన్ మాత్రం పూర్తిగా వేరే కుటుంబం, ఫిన్నిష్‌కు దగ్గరి బంధువు. అందుకే మూడు దేశాలనూ కలిపి ‘మీ బాల్టిక్ భాష’ అని ఎవరితోనూ అనకండి. వారికి మనసు నొస్తుంది.

చర్చలో

దర్శకుడు ముందుకు వచ్చాక కాసేపు ఎవరూ ప్రశ్న అడగరు. ఆ నిశ్శబ్దంలో మీరు చేయెత్తండి. దూరం నుంచి వచ్చిన ప్రేక్షకుడికి ఏం అర్థమైందో వినాలని చిత్రం తీసినవారికి నిజంగా ఆసక్తి ఉంటుంది. ప్రశ్న పొడుగ్గా వద్దు, ఒకే దృశ్యం గురించి అడగండి. ‘అమ్మాయి ఆ ఉత్తరం చదవకుండా ఎందుకు దాచింది?’ అంటే జవాబు వస్తుంది. ‘మీ సినిమా సందేశం ఏమిటి?’ అంటే రాదు. ముగిశాక కృతజ్ఞతలు వారి మాటలోనే చెప్పండి: టాలిన్‌లో ‘అయ్‌తహ్’, రీగాలో ‘పల్దియెస్’, విల్నియస్‌లో ‘ఆచూ’.

వెళ్లలేకపోతే

గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం కూడా నవంబరులోనే వస్తుంది. అక్కడి పట్టికలో ఈ మూడు దేశాల పేర్లు ముందుగా వెతకండి. ఐరోపా సమాఖ్య మన దేశంలో నిర్వహించే చిత్రోత్సవంలో సభ్యదేశాలుగా వీటి చిత్రాలూ ఉంటాయి. మీ ఊళ్లో ఫిల్మ్ సొసైటీ ఉంటే ఇంకా మంచిది. మూడు దేశాలకూ ఢిల్లీలో రాయబార కార్యాలయాలున్నాయి. ప్రదర్శన హక్కుల విషయంలో సాయం చేయమని సొసైటీ తరఫున ఉత్తరం రాయండి. ఎన్ని సీట్లున్నాయి, ఏ తేదీన వేస్తారు, ప్రవేశం ఉచితమా కాదా అన్నవి ఆ ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి.

రాత్రి గదికి చేరాక

చూసిన ప్రతి చిత్రానికీ అసలు పేరు, అక్షరాల మీది గుర్తులతో సహా, టికెట్టు చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంగ్లిష్ పేరు ఒక్కటే రాసుకుంటే తర్వాత దారి తప్పుతారు. 2024లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి బంగారు చిరుత గెలిచిన సౌలే బ్లూవైతే చిత్రానికి ఇంగ్లిష్‌లో ‘టాక్సిక్’ అని పేరు, లిథువేనియన్‌లో ‘అకిప్లేశ’. అంటే జంకూగొంకూ లేని మనిషి. అదే ఉత్సవంలో దర్శకత్వ బహుమతి పొందిన లౌరీనస్ బరెయ్‌శ చిత్రం ఇంగ్లిష్‌లో ‘డ్రౌనింగ్ డ్రై’. దాని అసలు పేరు ‘సెసేస్’, అంటే అక్కచెల్లెళ్లు. సంస్కృతంలోని ‘స్వసృ’కు చుట్టం. అసలు పేరు, దర్శకుడి పేరు, సంవత్సరం, చర్చలో విన్న ఒక మాట. ఈ నాలుగూ రాసి పెట్టుకుని, మర్నాడు ఉదయం మొదటి ఆట ఎన్నింటికో చూసుకుని పడుకోండి.